మగ్గం చేతులు

లోపలికి పోయే ముందు నవీన చెవుల కమ్మలు తీసి బాపు అరచేతిల పెట్టింది. "జర పైలం బాపూ, ఒకదాని శీల వదులున్నది," అన్నది, మార్కెట్ యార్డుల బస్తాల చీటి అప్పజెప్పినంత మామూలుగ. నర్సు తలుపు మూసింది. బాలమల్లు పిడికిలి బిగించిండు గని కమ్మలు లోపల ఉన్నయో జారి కింద పడ్డయో ఆయనకు తెలువదు, విప్పి కండ్లతోని చూసుకోవాలె. ఏడేండ్ల వయసు నుంచి ఆయన అరచేతికి తెలిసింది బరువొక్కటే. వేడి తెలువదు, ముల్లు తెలువదు, బంగారం సన్నదనం తెలువదు. పసుపుపచ్చగ, మందంగ, అంచుల పొంటి ఎర్రటి గీతతోని ఎండిన చెప్పు తోలు లెక్క ఉండే ఆ చేతులను చూసి మెట్‌పల్లి పసుపు మార్కెట్‌ల జనం ముప్పై ఏండ్లు మెచ్చుకున్నరు. కష్టం చేసిన చేతులన్నరు. పదిహేను దినాల కింద ఇదే కరీంనగర్ దవాఖానల ఒక డాక్టరమ్మ వాటిని చూసింది, మెచ్చుకోలే.

గోడ గడియారంల పదింబావు. గొట్టం గొంతుల నుంచి లోపలికి పోయి రావడం పది నిమిషాలే, ముందుగాల మత్తు, తరువాత తెలివి, అంత కలిపి గంట పడుతదని నర్సు చెప్పింది. గంట అంటె బాలమల్లుకు ఎంత? సీజన్ల గంటల నూరు కుప్పలు చూసి పడేస్తడు. వంగుతడు, కుప్ప నడుమల నుంచి ఒక కొమ్ము తీస్తడు, రెండు చేతుల వేళ్ళ నడుమ పెట్టి విరుస్తడు. టక్కుమంటె ఎండినట్టు, మెత్తగ వంగితె తేమ ఉన్నట్టు. విరిగిన కాడ రంగు చూస్తడు. పైన రంగు చూసి కొనేటోడు పసుపు వ్యాపారం చెయ్యడు, పైన రంగు ఎవడైనా పూస్తడు, విరిచి లోపల చూడాలె. ఎంత దగ్గరోని సరుకైనా, సొంత బావమరిది కుప్పైనా, విరువకుంట కొన్నది లేదు. ఇప్పుడు ఆ తలుపు అవతల నవీన లోపల ఎవరో చూస్తున్నరు. తను ఇవతల కూర్చున్నడు. చూసేటోడు ఒకడు, చూపించుకునేటోడు ఒకడు; కుప్ప పక్కన నిలబడ్డ రైతు మొఖం ఎట్ల ఉంటదో ఇన్నేండ్లల్ల ఆయన ఎన్నడు సరిగ చూడలే. ఇట్లనే ఉంటది కావచ్చు.

పక్క కుర్చీల కోమల, నవీన బిడ్డ, రెండు చేతులు తొడల కింద పెట్టుకొని కాళ్ళు ఊపుతున్నది. ఉగాదికి దానికి ఎనిమిది నిండుతయి. పాపను కూడ తీసుకరండి, ఆమెను కూడ చూస్త అని డాక్టరమ్మ అన్నది కాబట్టి బడి మాన్పించి తెచ్చిండ్రు. అల్లుడు అరుణ్ మస్కట్‌ల లారీ నడుపుతడు, పొద్దటి నుంచి మూడుసార్లు ఫోన్ చేసిండు, ఏం మాట్లాడాలెనో తెలువక మూడుసార్లు తిన్నరా అని అడిగిండు. బాలమల్లు భార్య అనసూర్య నాతోని కాదని ఇంట్లనే దేవుని ముంగట కూర్చున్నది. బిడ్డ మంచిగుంటె వేములవాడ రాజన్నకు కోడె కడుతనని మొక్కింది. మొక్కు కూడ బేరమే గని ఇదేం బేరం, అనుకున్నడు బాలమల్లు. కంప్యూటర్లు రాక ముందు యార్డుల తువ్వాల కప్పుకొని దాని కింద చెయ్యి చెయ్యి పట్టుకునేటోళ్ళు. వేళ్ళు నొక్కి ధర చెప్పుకునుడు, చుట్టు నిలబడ్డోనికి తెలువకుంట. అవతలోడు ఎంత అడుగుతుండో కనీసం చేతికి తెలిసేది. దేవుడు చెయ్యి ఇయ్యడు. కోడె చాలో, ఇంకేమన్న కావాలెనో ఎట్ల తెలుస్తది?

ఆ తువ్వాల కింద బాలమల్లును ఓడగొట్టినోడు లేడు. కండ్లు మూసుకున్నా చెప్పచ్చు గిది బాలమల్లు చెయ్యి అని అనేటోళ్ళు. మందం చెయ్యికి సన్నంగ నొక్కితె తెలువదు కాబట్టి అవతలోడు గట్టిగ నొక్కేటోడు, ఎంత గట్టిగ నొక్కిండో దాన్ని బట్టి వానికి సరుకు ఎంత అవసరమో బాలమల్లుకు అర్థమయ్యేది. చాయ్ కూడ అట్లనే. బేరం నడుమల చాయ్ వస్తది. గ్లాసు అంచు పట్టుకొని, ఊదుకుంట, ఆలోచించుకునే సందు అది. బాలమల్లు మాత్రం పొయ్యి మీది నుంచి దిగిన గ్లాసును నిండు పిడికిట్ల పట్టి మూడు గుక్కలల్ల ఖాళీ చేసి బల్ల మీద పెట్టి, ఊఁ చెప్పు, అనేటోడు. అవతలోని నాలిక ఇంకా చాయ్‌కి ఆనకముందే ధర చెప్పాల్సి వచ్చేది. ఊదుకొని తాగేటోడు బేరం గెలువడు అన్న ఆయన మాట యార్డంత తిరిగింది. "సేటు కడుపుల సున్నపు బట్టీ ఉన్నదిరో," అని హమాలీలు నవ్వేటోళ్ళు. ఆ మాట ఆయనకు మస్తు ఇష్టం. రోజుకు ఇరువై చాయ్‌లు. బీడీ లేదు, గుట్కా లేదు, కల్లు చుక్క ముట్టలే. అటు గోడకు పొగాకు వద్దని పెద్ద బొమ్మ పెట్టిండ్రు, కుళ్ళిన నోరు, కింద ఎర్ర అక్షరాలు. ఇసొంటి బొమ్మ ఎక్కడ కనిపించినా ఇదివరకు బాలమల్లు ఛాతీ కొంచెం ఉబ్బేది, నాకు సంబంధం లేదు అని. ఇయ్యాళ ఆ బొమ్మ చాయ్ గ్లాసు గురించి ఎందుకు చెప్పలేదని కోపం వచ్చింది. చెప్తె వినేటోడా? వినకపోతుండె. చాయ్‌ని కూడ తప్పుల జమ కడితె ఇగ మనిషి బతుకుడెట్ల అని నవ్వేటోడు.

నవీనకు మొదలైనప్పుడు ఆయన అనుకున్నది గ్యాసు అని. ఒక పెండ్లి బంతిల ముద్ద ఛాతీల ఇరుక్కున్నది, నీళ్ళ కోసం చేతులు ఊపింది, అందరు వీపు నిమిరిండ్రు. తరువాత రొట్టె వద్దన్నది. తరువాత అన్నం మెత్తగ వండుకున్నది. జగిత్యాలల ఎవరో రాసిచ్చిన గోలీలు రెండు నెలలు మింగింది, యార్డుకు రావడం మాత్రం మానలే. కరీంనగర్‌ల ఈ డాక్టరమ్మ, నవీన కంటె చిన్నదే ఉంటది, నోరు చూస్తదని నవీన నోరు తెరుచుకొని కూర్చుంటె నోరు చూడనే లేదు. చెయ్యి పట్టుకున్నది. అరచెయ్యి తిప్పి బొటనవేలుతోని నొక్కింది. చెప్పులు విప్పుమని పాదం చూసింది. తరువాత బాలమల్లు దిక్కు తిరిగి, "మీ చెయ్యి ఒకసారి ఇయ్యండి," అన్నది. ఎన్నో చేతులు పట్టిన చెయ్యి అది. గని ఆ సన్నటి వేళ్ళు నొక్కిన నొక్కుడుల ఏం ధర ఉన్నదో ఆయనకు అందలే. ఈ చేతులు మీ ఇంట్ల ఎవరెవరికి ఉన్నయని అడిగింది. బాలమల్లు కుర్చీల నిటారుగ కూర్చొని చెప్పిండు: "మా బాపుకు, మా మేనత్తకు, మా చిన్నబాపుకు. తరువాత నాకు, గీ బిడ్డకు. మాది మగ్గం ఇల్లమ్మా. గివి మగ్గం చేతులు." వాళ్ళు ఉన్నరా? లేరు. ఎట్ల పోయిండ్రు? బాపు ముద్ద దిగక పోయిండు. అత్త ముద్ద దిగక పోయింది. చిన్నబాపు... మూడోసారి అదే మాట నోట్లకు వచ్చి నిలబడ్డది. మూడు కుప్పలల్ల ఒకటే పురుగు కనిపిస్తె గోదాము తలుపులు మూయించే మనిషి, సొంత ఇంట్ల మూడు చావులను ముప్పై ఏండ్లు ఒక్క తాన పెట్టి చూడలే.

ఎందుకు చూడలే అంటె ప్రతి చావుకు అప్పటికప్పుడు ఒక కారణం దొరికింది. కారణం దొరికిన చావును ఎవడూ మళ్ళ విప్పి చూడడు. బాపు దశరథం మగ్గం దిగంగనే గుడుంబకు పోయేటోడు. ఆఖరికి గంజి నీళ్ళు కూడ ముక్కుల నుంచి తిరిగి వస్తుంటె ఊరంత ఒకటే మాట, గుడుంబ గొంతు కాల్చింది. బాలమల్లు అప్పుడు పదిహేడేండ్లోడు, పాడె ముంగట నడుసుకుంట సారా ముట్టనని ఒట్టు పెట్టుకున్నడు. మేనత్త శంకరవ్వ సారా ముట్టలే, బీడీలు చేసేది. దవడకు ఎప్పుడూ తంబాకు ఉండేది, చేటల తునికాకు, ఒళ్ళె కత్తెర. ఆమె పోతె తంబాకు తిన్నది అన్నరు. మంచిది, బాలమల్లు బీడీ కూడ మానిండు. చిన్నబాపు రాజం దగ్గరికి వచ్చేసరికి చిక్కు పడాలె. సారా లేదు, తంబాకు లేదు, శనివారం ఉపాసం, మెడల తులసి పూసలు. అయినా చిన్నబాపు గొంతు పూడుకపోయింది. ఊరికి ఆడ కూడ కారణం దొరికింది. మనిషి రాత్రంత భజన చేసేటోడు గద, అరిచి అరిచి గొంతు అరిగింది అన్నరు. బాలమల్లు కూడ అన్నడు. ఆయన భజన మానాల్సిన పని లేకుండె, ఎందుకంటె ఎన్నడు చెయ్యలే. ముగ్గురి తప్పులు మూడు తీసేస్తె తన దాంట్ల ఏం మిగలదు అని లెక్క చూసుకొని నిమ్మళంగ నిద్రపోయిండు. ముగ్గురు పొద్దుగాల లేవంగనే పొయ్యి ముంగట కూర్చొని పొగలు కక్కే గ్లాసులు గటగట తాగేటోళ్ళు, ఆ గ్లాసులు పట్టిన చేతులు ఆరు ఒక్క తీరుగ ఉండేటివి. కండ్ల ముంగట ఉన్నదాన్ని ఎవరు లెక్కపెడుతరు?

ఇసొంటి చేతులున్నోళ్ళందరికి గొంతు జబ్బు రాదు, కొన్ని ఇండ్లల్లనే ఈ చేతులకు, లోపల అన్నవాహికకు ఒక్కటే వేరు ఉంటది అన్నది డాక్టరమ్మ. నవీన రక్తం హైదరాబాద్‌కు పంపింది, జవాబు రావడానికి నెల. బయట తోలు మందమైనట్టే లోపల తోలు కూడ చెడుతుంటది, దాని మీద తంబాకు అయినా, సారా అయినా, బాగ వేడి వేడిది రోజూ మింగినా, ఒక్కొక్కటి ఒక్కొక్క దెబ్బ. "చేతులు మార్చలేం. చాయ్ మార్చుకోవచ్చు," అన్నది. పిల్లలకు? పుట్టే ప్రతి బిడ్డకు సగం సగం. రావచ్చు, రాకపోవచ్చు. సగం సగం అంటె యార్డుల ఎవడూ ముట్టని బేరం. తాతల నుంచి ఆ బేరాన్ని వాళ్ళ ఇంట్ల పండుగ చేసుకొని మరీ ఒప్పుకున్నరు. ఆ మాటకొస్తె అసలు ప్రశ్న బాలమల్లే అడగాల్సింది. మగ్గం చేతులంటివి, నువ్వు మగ్గం ఎన్నడు ఎక్కినవు? బాపు పోయిన ఏడాదే మగ్గం అమ్మిండ్రు. ఆయన పోగు నేసే నాడె పట్టలే. నవీనైతే మగ్గం కండ్లతోని చూడలే. మగ్గమే లేని ఇంట్ల మగ్గం చేతులు ఎట్ల మొలుస్తున్నయి? ఒక్క కొమ్ము, ఒక్కటంటె ఒక్క కొమ్ము విరిచి చూసినా తెలిసిపోతుండె. మొన్న బుధవారం ఆయనకు కూడ గొట్టం వేసిండ్రు. మీది శుభ్రంగ ఉన్నది, ఏటేటా వచ్చి చూపించుకోండి అని డాక్టరమ్మ నవ్వింది. అరవై ఒక్క ఏండ్ల గొంతు, రోజుకు ఇరువై చాయ్‌ల గొంతు శుభ్రంగ ఉన్నదట. ముప్పై మూడేండ్ల గొంతుల ముద్ద నిలబడుతున్నదట. డాక్టరమ్మా, కుప్పలు తారుమారైనయేమో జర మళ్ళ చూడు అందామనుకున్నడు.

అడిగిన మనిషి ఒక్కతి ఉండె. బాలమల్లును కన్న అవ్వ, ఐలవ్వ. చిన్నబాపు కర్మ అయినంక, నడింట్ల గోడకు ఆనుకొని బియ్యంల రాళ్ళు ఏరుకుంట, తనలో తను అన్నట్టు అన్నది: "గీ చేతులున్నోళ్ళే ముద్ద దిగక పోతున్నరేందిరా కొడుకా?" అవ్వ బయటి నుంచి వచ్చిన కోడలు, మెత్తటి చేతులు, అందుకనే కనిపించింది కావచ్చు. బాలమల్లు అప్పుడు కొత్తగ దుకాణం పెట్టిండు, నాలుగు లెక్కలు నేర్చిన పొగరు. "నీకు లెక్క రాదే అవ్వా," అన్నడు. అవ్వ చేట దులుపుకొని లేచింది. మళ్ళెన్నడు ఆ ముచ్చట తియ్యలే. అప్పుడు నవీనకు ఎంత? లేదు, నవీన ఇంకా పుట్టలే. అవ్వ మాట విని ఉంటె నవీన పుట్టకముందే... పుట్టకముందే ఏం చేసేటోడు? కననని అనేటోడా? ఈ ఒక్క లెక్క ఎటు వేసినా తెగుతలే. నవీన లేని లెక్క ఆయనకు వద్దు. ఈ గొంతుతోని ఉన్న నవీన లెక్క కూడ వద్దు. మూడోది ఏది?

జేబుల ఫోన్ మోగింది. బెల్లంపల్లి నుంచి అన్న హనుమండ్లు.

"ఏమాయెరా తమ్మీ?"

"ఇంకా లోపలనే ఉన్నది అన్నా."

"పొల్ల భయపడ్డదా?"

"అది భయపడుతదా? కమ్మలు నా చేతిల పెట్టి పోయింది."

అటు దిక్కు దగ్గు, బీడీ దగ్గు. "డాక్టర్‌ను అడుగురా, చేతులు మార్చే ఇలాజ్ ఏమన్న ఉన్నదా అని. నా వెన్న చేతులు ఖాళీగనే ఉన్నయి, తీసుకొమ్మను."

"నీవి గనిల బొగ్గుకు ఎన్నడో నల్లగైనయి గదనే."

"నల్లగైనయి గని గట్టిపడలే రా. గందుకే గద మీరు నవ్వింది."

పెట్టేసిండు. కోపంతోని కాదు, అన్నకు కోపం ఉండదు. ఎనిమిదో ఏట చేతులు రాని పిల్లగాడు ఆ ఇంట్ల అన్న ఒక్కడే. ఇంటి రివాజు ఒకటి ఉండె. ఏడో ఏటనో ఎనిమిదో ఏటనో అరచేతులు పసుపెక్కి గట్టిపడంగనే, పొయ్యి మీది నుంచి దించిన, నూలుకు పెట్టే గంజి గిన్నె గుడ్డ లేకుంట పట్టుకొని వాకిట్లకు తేవాలె, ఆ తరువాత గ్లాసెడు చాయ్ ఊదకుంట తాగాలె. అప్పుడు పోగైన చుట్టాలు, ఇగ వీడు మనోడు అంటరు. అన్న గిన్నె కింద పడేసిండు. వాకిలంత గంజి. చాయ్ ఊదుకున్నడు. బాపు ఆయనను ఆ దినం నుంచి వెన్న చేతులోడా అనే పిలిచిండు, తమ్ముడు కూడ నేర్చుకున్నడు. పందొమ్మిదో ఏట బొగ్గు గనికి పోయి మళ్ళ రాలే. కల్లు తాగుతడు, బీడీ తాగుతడు, అరవై ఆరేండ్లకు ఇప్పుడు కూడ మటన్ బొక్క నమిలి మింగుతడు. తప్పులన్ని చేసినోడు కూర్చొని తింటుండు. ఏ తప్పు చెయ్యని పొల్ల లోపల గొట్టం మింగుతున్నది. ఏ తప్పు చెయ్యలే దాని అంతట అది. చేసినయి ఎవరు చేయించిండ్రు?

నవీనకు ఎనిమిదో ఏట చేతులు వచ్చినప్పుడు బాలమల్లు యార్డుల అందరికి లడ్డూలు పంచిండు. మగ్గం పోయి ఇరువై ఏండ్లయినా అనసూర్య పనిగట్టుకొని గంజి వండింది. మగ్గం లేని ఇంట్ల గంజి ఎవరికని ఒక్కరు అడగలే. నవీన గిన్నె తెచ్చింది, నడుమ వాకిట్ల పెట్టింది, రెండు చేతులు పైకెత్తి చూపించింది. చుట్టాలు చప్పట్లు కొట్టిండ్రు. అప్పుడు చాయ్. ఆయనే పోసిండు, గ్లాసు నిండ, పొగలు కక్కుతున్నది. చేతులకు తోలు వచ్చింది గని ఎనిమిదేండ్ల నోటికి ఏం తోలు ఉంటది? మొదటి గుక్కకే పొల్ల కండ్ల నిండ నీళ్ళు తిరిగినయి. బాపు మొఖం చూసింది. బాపు మొఖంల ఏం కనిపించిందో మరి, మిగతా గ్లాసు ఆగకుంట తాగింది. "కాలిందా బిడ్డా?" అన్నడు. "కాలలే బాపూ," అన్నది. నాలిక మీద తోలు ఊడి నాలుగు దినాలు ఉప్పు తినలే. ఆయనకు తెలుసు. ఆ దినమే తెలుసు. అబద్ధం చెప్పేటోని కన్ను యార్డుల ఎన్ని వేల సార్లు చూసిండు, ఈ కన్ను చూడలేడా? గని ఆ అబద్ధం ఎంత మంచిగ చెప్పింది, నా బిడ్డ బేరం గెలుస్తది అని భుజం మీద ఎత్తుకున్నడు. నిజంగనే గెలిచింది. అన్ని కుప్పల నడుమ చీర కొంగు బిగించుకొని నిలబడి, మగవాళ్ళ కంటె ముందు గ్లాసు ఖాళీ చేసి, "ఊఁ చెప్పుండ్రి అన్నా," అనేది. ఆ గొంతు ఆయన గొంతే అని అందరు అన్నరు.

పొద్దున కారుల వస్తుంటె గంగాధర ఊరు దాటినంక నవీన కిటికీల నుంచి చూసుకుంట, నవ్వుకుంట అన్నది: "బాపూ, గా దినం చాయ్ మస్తు కాలింది తెలుసా?" ఇరువై ఐదేండ్ల తరువాత. ఎనుక సీట్ల కోమల నిద్రపోతున్నది. నాకెరుకనే బిడ్డా అనాలె. "ఎండ ఎక్కువున్నది, అద్దం ఎక్కించు," అన్నడు.

తలుపు తెరుచుకున్నది. డాక్టరమ్మ, ముక్కు మీది గుడ్డ కిందికి గుంజుకుంట. బాలమల్లు లేచిండు. మత్తుల ఉన్నది, అరగంటల లేస్తది అన్నది. అన్నవాహిక నడుమల ఒకచోట మచ్చ ఉన్నది, ఆడ దారి సన్నబడ్డది, నాలుగు ముక్కలు తీసి పరీక్షకు పంపుతున్నం. ఎనిమిది రోజులు.

"మంచిదేనా అమ్మా?"

"చూసి చెప్తం."

ఆ మాట ఆయనదే. ధర వస్తదా సేటూ అని కుప్ప పక్కన నిలబడి అడిగిన ప్రతి రైతుకు ముప్పై ఏండ్లు ఆయన ఇచ్చిన జవాబు అదే. చెప్పేటప్పుడు అందుల ఏం ఉండదని ఆయనకు తెలుసు. వినేటోడు ఆ రెండు మాటలను ఇంటిదాక మోసుకపోయి ఇటు తిప్పి అటు తిప్పి చూసుకుంటడని తెలువదు. చూసి అన్నప్పుడు గొంతు ఎట్ల ఉండె? చెప్తం అన్నప్పుడు కండ్లు కిందికి పోయినయా? పాపను కూడ కాసేపట్ల పిలుస్తం అని డాక్టరమ్మ లోపలికి పోయింది.

కెటిలు పట్టుకొని చాయ్ పిల్లగాడు వరండా పొంటి వస్తుండు. చెయ్యి దానంతట అది లేచింది, కాయిదం గ్లాసు చేతికి వచ్చింది. పొగలు. బాలమల్లు దాన్ని పట్టుకొని కూర్చున్నడు. తాగలే.

"తాతా, గీ చేతిల ఏమున్నది?" కోమల ఆయన ఎడమ పిడికిలి దిక్కు వంగింది. విప్పి చూపించిండు. ఒక కమ్మ శీల అరచేతి తోలుల గుచ్చుకొని నిలబడి ఉన్నది. గంట నుంచి గుచ్చుకొనే ఉన్నది కావచ్చు. "నొస్తలేదా?" అన్నది. "లేదు." "భలే," అని ఒక చెయ్యి తొడ కింది నుంచి తీసి, రెండు వేళ్ళ కొసలతోని కమ్మను పీకి, రెండోదాన్ని కూడ తీసి ఆయన అంగీ జేబుల వేసింది, గబుక్కున చెయ్యి మళ్ళ కిందికి పెట్టుకున్నది. తరువాత మూతి ముడిచి, "నువ్వు అడుగుతనే లేవు," అన్నది.

"ఏం అడగాలె బిడ్డా?"

"రోజు అడుగుతుంటివి గద. చేతులు చూపియ్యి అని."

అడిగేటోడు. ఏడు నిండిన దినం నుంచి, దుకాణం నుంచి రాంగనే, ఏదీ చెయ్యి, ఇంకా రాలేదా, వస్తయి వస్తయి, మా కోమల చేతులు ఎటు పోతయి అని. వేడి వేడి జొన్నరొట్టె ఇచ్చి, పట్టుకో, గిట్ల పట్టుకుంటె జల్ది వస్తయి అనేటోడు. డాక్టరమ్మ అడిగినప్పుడు కూడ, దీనికి ఇంకా రాలేదమ్మా అని, లారీ ఆలస్యమైనప్పుడు చెప్పినట్టు నొచ్చుకుంట చెప్పిండు, చెప్పి నాలిక కరుచుకున్నడు. ఆ దినం నుంచి అడగలే. పదిహేను దినాలు ఆ పొల్ల చేతుల దిక్కు చూడకుంట అన్నం తిన్నడు. విరిస్తె ఏం చప్పుడు వస్తదో అని కొమ్మును ముట్టకుంట కుప్ప పక్క నుంచి తిరిగి పోయినట్టు పోయిండు.

కోమల రెండు చేతులు తీసి ఆయన ఒళ్ళె వెల్లకిల పెట్టింది. వేళ్ళ మొదట్ల సన్నగ పసుపు. మణికట్టు మీది గీత కాడ, ఎవరో ఎర్ర పెన్సిలుతోని గీసినట్టు. "ఉగాది దాకా దాచిపెడుదామనుకున్న. అమ్మకు కూడ చెప్పలే, నీకే మొదలు," అన్నది. ముందటి రెండు పండ్లు ఊడిన నోరు చెవులదాక సాగింది. ఆయన బొటనవేలు దానంతట అదే పోయి ఆ పసుపు మీద ఆగింది. మెత్తగ ఉన్నదా, గట్టిగ ఉన్నదా? ఏం తెలువలే. తన వేలికే తోలు, ఎట్ల తెలుస్తది? పసుపు ముట్టిండంటె తేమ ఎంతో చెప్పే వేలు, ఈ ఒక్క చెయ్యి కాడ గుడ్డిది.

"చూడు, నాక్కూడ కాలది," అని కోమల ఆయన చేతిల ఉన్న కాయిదం గ్లాసు లాక్కున్నది. నిండు పిడికిట్ల పట్టింది, ఆయన పట్టినట్టే. పెదవుల కాడికి ఎత్తింది. బాలమల్లు గబుక్కున అందుకున్నడు. సగం చాయ్ ఆయన మణికట్టు మీద ఒలికింది, అరచేతి దాక కారింది, ఆడ వేడి ఆగిపోయింది.

"తాగుత తాతా, కాలదు. నిజంగ కాలుతలే," అన్నది, ఆయన మొఖంలకు చూసుకుంట.

ఆయన గ్లాసును తన నోటి కాడికి తెచ్చుకున్నడు. పెదవులు ముడిచిండు. ఎట్ల ముడవాలెనో కూడ సరిగ తెలువదు, అరవై ఏండ్లల్ల చెయ్యని పని. ఊదిండు. పొగ అటు వంగి మళ్ళ లేచింది. మళ్ళ ఊదిండు.

కోమల ఒక నిమిషం వింతగ చూసింది. తరువాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని కిలకిల నవ్వింది. "తాతా, ఊదుతున్నవా? ఊదుకునేటోళ్ళకు చేతులు రావని నువ్వే అన్నవ్ గద!"

తలుపు సందుల నుంచి నర్సు తల బయటికి పెట్టి, పాపను తీసుకరండి అన్నది. వస్తున్నం అన్నడు బాలమల్లు. లేవలే. చాయ్ మీద పొగ పోయింది, పలుచటి మీగడ కట్టింది. పొల్ల చేతులు రెండు మళ్ళ వచ్చి ఆయన ఒళ్ళె వెల్లకిల ఉన్నయి. ఆయన ఇంకా ఊదుతనే ఉన్నడు.